చేతి మీద రేకు

గాలి మొత్తం లాగేసిన గాజు గదిలో దుమ్ము తనంతట తానే లేచింది.

ఊదినవాళ్ళు లేరు, కదిపినవాళ్ళు లేరు. పైన దీపం వెలిగించడమే ఆలస్యం, పళ్ళెంలో పరిచిన బూడిదరంగు పొడిలోంచి రేణువులు చిన్న చిన్న గంతులు వేస్తూ బెత్తెడు ఎత్తున తేలాయి. చంద్రుడి మీద జరిగేది ఇదే. అక్కడ గాలి లేదు కాబట్టి ఎండ నేరుగా నేలను తాకుతుంది. తాకిన చోట దుమ్ముకి విద్యుత్తు ఎక్కుతుంది. ఒకే రకం విద్యుత్తు ఎక్కిన రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి లేస్తాయి, దేన్ని తాకితే దాన్ని పట్టుకుని వదలవు. గాలీ నీరూ ఎన్నడూ అరగదీయని దుమ్ము అది. ప్రతి రేణువూ ఒక గాజుపెంకు. వ్యోమగాముల అంగీల కీళ్ళను కోసేస్తుంది, చేతులకి అంటుకుని శిబిరం లోపలికి వస్తుంది, ఊపిరితిత్తుల్లో చేరి అక్కడే ఉండిపోతుంది.

వకుళ మీట నొక్కి, ఆ తేలుతున్న దుమ్ములోకి ఒక రబ్బరు చేతిని దింపింది. మనిషి ఒంటి వేడి ఉండేలా లోపల వెచ్చటి నీళ్ళు పారుతున్న చెయ్యి అది. దాని మీద కంటికి కనబడనంత పల్చటి పొర ఒకటి ఉంది. చెయ్యి కిందికి దిగుతుంటే దుమ్ము పక్కకి తప్పుకుంది. సంతలో ఎద్దు వస్తే జనం జరిగినట్టు, వేళ్ళ చుట్టూ ఖాళీ ఏర్పడింది.

"ఏమ్మా, దుమ్ముకి కూడా నువ్వంటే భయమేనా?" అన్నారు వెనక నిలబడ్డ పెరుమాళ్ళు గారు. ఆ ధూళి పరిశోధనశాలకి ఆయన డైరెక్టరు.

"దగ్గరకొచ్చిన దుమ్ములో ఏ రకం విద్యుత్తు ఉంటే ఈ పొర కూడా అదే రకం పుంజుకుంటుంది సార్. అందుకని తప్పుకుంటోంది. ఒంటి వేడి ఉన్నంతసేపూ పనిచేస్తుంది."

ఆ పొర వేసే పద్ధతి వకుళకి ఏ పుస్తకంలోనూ దొరకలేదు. గోదావరి కాలవ పక్కన లొల్ల అనే ఊళ్ళో వాళ్ళమ్మ వీరవేణి పూతరేకులు తీస్తుంది. బోర్లించిన కుండ కింద కొబ్బరి మట్టలు మండించి, నీళ్ళలాంటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క విసురు లాగుతుంది. కన్ను మూసి తెరిచేలోగా రేకు ఏర్పడుతుంది. అంచు పట్టుకుని లాగితే ఊడి వస్తుంది. ప్రయోగశాలలో ఏ యంత్రంతో పూసినా పొర మందంగానే వచ్చేది. ఒకరోజు విసుగెత్తి, వకుళ ఆ ద్రవంలో గుడ్డ ముంచి, అమ్మ లాగినట్టు లాగింది. కుదిరింది. అప్పటినుంచి అక్కడ అందరూ దాన్ని రేకు అనే పిలిచారు.

మొట్టమొదట దాన్ని ఒంటికి వేసుకున్న మనిషి వకుళ చెల్లెలు అంజని. రాళ్ళ గురించి చదువుకుంది, చంద్రుడి మీది శిబిరంలో నమూనాలు తవ్వే పనికి ఎంపికైంది. ముఖానికీ మెడకీ చేతులకీ రేకు వేస్తున్నప్పుడు, "మా అక్క చేసిన చీర నేను కాక ఎవరు కట్టుకుంటారు?" అని అందరినీ నవ్వించి వెళ్ళిపోయింది.

* * *

శిబిరం నుంచి ఇంటివాళ్ళతో మాట్లాడుకోవడానికి వారానికోసారి వీలుండేది. ఇక్కడి మాట అక్కడికి చేరి జవాబు రావడానికి ఒక ఊపిరి పట్టేది. ఆ ఊపిరి సేపూ అంజని ముఖం తెర మీద ఊరికే చూస్తూ ఉండేది.

"అక్కా, వేళ్ళ మడతల దగ్గర చిట్లిపోతోందే. సుత్తి పట్టుకున్న ప్రతిసారీ అంతే."

"చిట్లితే మొత్తం తీసేసి, ఒక రోజంతా చర్మాన్ని అలా వదిలేసి, అప్పుడు కొత్తది వేసుకోవాలని చెప్పాం కదే."

"చెప్పారమ్మా, చెప్పారు. ఆ రోజంతా నేను బోడి చేతులతో కూర్చుంటే బయటికెళ్ళొచ్చినవాళ్ళ దుమ్మంతా నా మీదే వాల్తంది. పక్క మంచం ఆయన దగ్గు వినలేకపోతున్నాను. నువ్విచ్చిన రేకు మందు కూడా సగం ఖాళీ."

వకుళ ఆలోచించింది. తర్వాత ఎన్నోసార్లు ఆ ఆలోచన దగ్గరికే తిరిగి వచ్చింది గానీ, ఆ వేళ మాత్రం అది చాలా తేలిగ్గా వచ్చిన మాట.

"చిరిగిన రేకుని అమ్మ ఏం చేస్తుంది?"

తెర మీద అంజని పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. "పారేస్తుందేంటి? తడిగుడ్డ అద్ది, ముక్కేసి అతికిస్తుంది. ఒక్కటి పారేస్తే నా వీపు మోగిపోయేది కదే."

"అదే చెయ్యి. కొంచెం మందు అద్ది, చిట్లిన చోటే అతికించు."

"ఇంత చదువూ చదివి చివరికి అమ్మ దగ్గరికే వచ్చావన్నమాట."

ఇద్దరూ నవ్వుకున్నారు. అలా అంజని ఉన్నన్నాళ్ళూ చేతులకీ ముఖానికీ మెడకీ అతుకు మీద అతుకు వేసుకుంది. దుమ్ము ఆమె దరిదాపులకి రాలేదు. కుండ మీద అతుకు వేసినా రేకు ఊడి వస్తుంది. కుండ పెరగదు. చర్మం పెరుగుతుంది. తడి అతుకు కింద పుట్టిన కొత్త చర్మం ఆ పొరను తనలో కలిపేసుకుందని ఎవరికీ తెలియలేదు.

* * *

అంజని ఇంటికొచ్చిన రోజు లొల్లలో వీధి వీధంతా వచ్చింది. వీరవేణి కూతురికి దిష్టి తీసి, నుదుట కుంకుమ పెట్టింది. పెట్టిన కుంకుమ పెట్టినట్టే ఎగిరి వీరవేణి జాకెట్టు మీద పడింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎగిరింది.

"ఇదేంటే, చోద్యం! నా బొట్టు నీకు పనికిరాలేదా?"

"స్టిక్కర్ పెట్టుకుంటాలే అమ్మా," అంది అంజని. ఆడవాళ్ళు నవ్వారు. అంజని కూడా నవ్వింది. రేకు ఆ వారం గడిచేసరికి ఊడి వస్తుందనే అప్పటికి అనుకున్నారు.

వారం గడిచింది. ప్రయోగశాల నుంచి తెచ్చిన నీళ్ళతో తుడిచారు, నానబెట్టారు, గీకారు. రాలేదు. అంజని అమ్మ పక్కన కూర్చుని రేకులు చుట్టబోతే, నెయ్యి రాసి పంచదార పొడి చల్లగానే ఆమె వేళ్ళ కింద నుంచి పొడి చెదిరిపోయి పళ్ళెం అంచులకి చేరేది. జ్వరానికి వీరవేణి చేత విభూతి పెట్టించుకోవడానికి వచ్చే పక్కింటి ముసలమ్మ కూడా ఆమెను చూసి, "చంద్రుడు దీన్ని ఉంచేసుకున్నాడే వీరవేణీ," అని బుగ్గ నొక్కుకుంది. బయట ముసురు పట్టినప్పుడు కొంచెం తగ్గేది. ఎండ కాసిందంటే మళ్ళీ మామూలే.

పొడులదేముంది, ఎలాగో సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది కుందన.

కుందన వకుళ కూతురు. వకుళకి విశాఖలో ప్రయోగశాల, భర్తకి ఓడల మీద ఉద్యోగం. అందుకని పిల్ల పుట్టినప్పటినుంచి లొల్లలోనే, పిన్ని చంకలోనే పెరిగింది. చంద్రుడి మీదికి వెళ్ళే ముందు అంజని ఏడ్చింది ఆ పిల్లని దింపేటప్పుడే. ఇప్పుడు మాటలొచ్చిన కుందన, "పిన్నీ!" అంటూ పరుగెత్తుకొచ్చి కాళ్ళు చుట్టేసింది. చిటుక్కుమంది. చలికాలంలో ఉన్ని దుప్పటి దులిపినప్పుడు వచ్చే చప్పుడు లాంటిదే, ఇంకొంచెం గట్టిగా. పిల్ల బిత్తరపోయి చూసింది. చెయ్యి చూసుకుంది. మళ్ళీ తాకింది. మళ్ళీ చిటుక్కుమంది. ఏడుస్తూ అమ్మమ్మ కొంగు వెనక దాక్కుంది.

రాగి తీగ కట్టుకుని నేలకి వదిలితే ఏమైనా ఉపయోగం ఉంటుందేమోనని చూశారు. రేకు ఒంటి వేడితో క్షణంలో మళ్ళీ నింపుకునేది. ఒక్క కాలవలో దిగినప్పుడు మాత్రం, మెడ దాకా నీళ్ళలో ఉన్నంతసేపు, అంజని మామూలు మనిషి. వీరవేణి పిల్లని నీళ్ళలో అందించేది. కుందన పిన్ని మెడ పట్టుకుని కిలకిలా నవ్వేది. గట్టెక్కి తుడుచుకున్నాక, అంజని చెయ్యి చాచితే వెనక్కి జరిగేది.

"అది చిన్నది, దానికేం తెలుసు," అంది వీరవేణి.

"దానికి తెలిసిందే నిజం కదమ్మా. నువ్వు కూడా నాకు కంచం అందించేటప్పుడు అంచు పట్టుకుంటున్నావు."

వీరవేణి కొంగుతో పిల్ల తల తుడవసాగింది.

* * *

ప్రయోగశాలలో పెరుమాళ్ళు గారు వకుళని కూర్చోబెట్టి, మెల్లగా మాట్లాడారు.

"ఎనిమిది మంది రేకు వేసుకుని వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నారు. నియమం ప్రకారం తీసి వేసుకున్నంతవరకు ప్రమాదం లేదు. అవునా?"

"అంజనికి అతుకులు వేసుకోమని చెప్పింది నేను సార్."

"అవి అక్కాచెల్లెళ్ళు ఇంటి విషయాలు మాట్లాడుకునే వేళలో అన్న మాటలు. నేను వాటిని లెక్కలోకి తీసుకోను. ఆమె నియమం తప్పింది, అంతవరకే నాకు తెలుసు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీ పదేళ్ళ కష్టం వకుళా. ఒక్క మాటతో పోతుంది."

వకుళకి పైవాళ్ళ ఎదుట గొంతు పెగలదు. చిన్నప్పుడు బళ్ళో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేది కాదు. ఆ రోజు కూడా తల వంచుకునే మాట్లాడింది. కానీ మాట్లాడింది.

"ఆ ఎనిమిది మందికీ వేళ్ళు ఉంటాయి సార్, చిట్లుతుంది. దగ్గేవాళ్ళు పక్కనే ఉంటారు. ఎవరో ఒకరు అతుకు వేసుకుంటారు. వేసుకుంటే తీసే దారి నా దగ్గర లేదు. అది దొరికేదాకా ఎవరికీ వేయొద్దు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. చివరికి, "నిలిపేస్తాను," అన్నారు. తర్వాత వెళ్ళబోతున్న వకుళని ఆపి, "నీకు తెలుసో లేదో. మీ చెల్లెల్ని శిబిరం వాళ్ళు మళ్ళీ పిలిచారు. ఈసారి గ్రహశకలం మీదికి," అన్నారు.

వకుళకి తెలియదు. శనివారం బస్సెక్కి ఊరికి వెళ్ళింది. అంజని దొడ్లో బట్టలు ఆరేస్తోంది.

"ఎన్నేళ్ళే?"

"పోనూ రానూ, అక్కడ ఉండేదీ కలిపి ఏడెనిమిదేళ్ళు. అక్కడ కూడా గాలి లేదు, ఇంతకంటే ఎక్కువ దుమ్ము. వాళ్ళకి నాలాంటిది దొరకదటగా. మళ్ళీ రేకు వెయ్యక్కర్లేదు, మందు మొయ్యక్కర్లేదు. చేసి పెట్టిన సరుకుని నేను."

"ఎందుకు వెళ్తున్నావే?"

అంజని తడి చీర దులిపి తాడు మీద వేసింది. "అక్కడైతే నన్ను చూసి పారిపోయేది దుమ్ము ఒక్కటే."

ఆ నెలాఖరుకి జవాబు చెప్పాలి, లేదా కనీసం ఇంకో నాలుగు నెలలు జరపమని అడగాలి. వకుళ జరపమని బతిమాలింది. అంజని సరేనంది, అంతే.

* * *

కలిసిపోయిన రేకును కరిగించే ద్రవం ఒకటి వకుళ దగ్గర తయారుగా ఉంది. రబ్బరు మీద పనిచేసింది. బతికున్న చర్మం మీద ఏం చేస్తుందో తెలియదు. అంజని చేతుల మీద ముందుగా పోసి చూడటానికి ఆమెకి మనసొప్పలేదు.

ఆ సంగతి అమ్మకి చెప్పి, ఎడమ చెయ్యి చాచింది. "నాకు కూడా రేకు వెయ్యమ్మా. చిట్లినప్పుడల్లా అతుకులు వెయ్యి. దానికి ఎలా కలిసిందో నాకూ అలాగే కలవాలి. అప్పుడు నా మీద చూస్తాను."

"ఊడకపోతే?"

"ఊడదీసే దారి చూడ్డానికే కదా."

"చూసినా దొరక్కపోతే అని అడుగుతున్నానే. నీ పిల్ల కూడా నీ దగ్గరికి రాకపోతే ఏం చేస్తావ్?"

"కుడి చెయ్యి ఉందిగా."

వీరవేణి కూతుర్ని ఎగాదిగా చూసింది. "ఇద్దరూ ఇద్దరే. కడుపున పుట్టారు గానీ ఒక్కదానికీ నా బుద్ధి రాలేదు," అని గొణుగుతూనే గుడ్డ ముంచింది. ఒక్క విసురు. ముడత లేదు, చుక్క లేదు. ప్రయోగశాలలో ఎవరూ అంత బాగా వెయ్యలేదని వకుళ అంటే, "పొగడక్కర్లేదు, కదలకుండా కూర్చో," అంది.

వకుళ సెలవు పెట్టి ఊళ్ళోనే ఉండిపోయింది. కట్టెలు కొట్టింది, గిన్నెలు తోమింది, చిట్లిన చోటల్లా అతుకు వేయించుకుంది. అంజనికి అనుమానం రాకుండా చేతికి గుడ్డ చుట్టి, కాలిందని చెప్పింది. కొన్ని వారాలకి ఒక పొద్దున కుందన జడ వేయించుకోవడానికి వచ్చి ఒళ్ళో కూర్చుంది. ఎడమ చెయ్యి తగలగానే చిటుక్కుమంది. పిల్ల తల తిప్పి అమ్మని చూసిన చూపు వకుళ ఎప్పటికీ మర్చిపోలేదు. "నువ్వు కూడానా?" అని అడిగినట్టు ఉంది. ఆ రోజు జడ ఒంటిచేత్తో వేసింది. వంకరగా వచ్చింది.

విశాఖకి వెళ్ళి, ప్రయోగశాలలో పనిచేసే వైద్యురాలు షాహీనా ఎదుట చెయ్యి ద్రవంలో పెట్టింది. మండింది. తర్వాత మండటం ఆగింది. షాహీనా చిన్న పటకారుతో అంచు పట్టి లాగింది. రేకు ఊడి వచ్చింది. దాంతోపాటు పై చర్మం కూడా వచ్చింది. గాయం మానేదాకా ఆగి, షాహీనా వకుళ కళ్ళకి గుడ్డ కట్టింది.

"ఇప్పుడేం తగులుతోంది?"

"ఇంకా మొదలుపెట్టలేదా?"

షాహీనా గుడ్డ విప్పింది. వకుళ అరచేతిలో మంచుగడ్డ ఉంది. అప్పటికే సగం కరిగింది.

* * *

ఆ ఆదివారం వకుళ లొల్లకి వెళ్ళి, అంజనిని వెనక వసారాలో కూర్చోబెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రేకు తీయొచ్చు. తీస్తే కుంకుమ నిలుస్తుంది, కుందన వస్తుంది. తీసిన చోటల్లా స్పర్శ పోతుంది, చేతుల్లో కూడా. బహుశా ఎప్పటికీ.

అంజని లేచింది. లోపలికి వెళ్ళి, అమ్మ అప్పుడే తీసిన రేకు ఒకటి తెచ్చింది. "కళ్ళు మూసుకో." వకుళ ఎడమ చేతి వేళ్ళ మధ్య ఏదో పెట్టింది, లేదా పెట్టలేదు.

"పట్టుకున్నావా?"

"ఏమో. పట్టుకున్నానా?"

కళ్ళు తెరిస్తే రేకు వేళ్ళ మధ్య నలిగి పొడి పొడి అయి ఉంది. రేకు అంచు ఎక్కడుందో వేళ్ళకి తెలిస్తేనే ఊడి వస్తుంది. ఈ ఇంట్లో పుట్టినవాళ్ళకి అది నడక కంటే ముందు వచ్చిన విద్య. అంజని ఆ పొడి వైపే చూస్తూ ఉండిపోయింది. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఎవరు చెయ్యమన్నారే నిన్ను?"

"నీ చేతుల మీద ముందు చూడలేను కదా."

"నా చేతులు నా ఇష్టం! పెద్దదానివని అన్నీ నువ్వే చేసేస్తావా? అక్కడుంటే అతికించుకో అంటావు, ఇక్కడికొస్తే నీ చెయ్యి నువ్వే కాల్చుకుంటావు. పిల్లకి జడెలా వేస్తావే? వేడన్నం ఎలా కలుపుతావే? బుర్ర ఉందా నీకు? చూపించు, ఏదీ..."

కోపంలో మర్చిపోయి, ఆ చెయ్యి పట్టి లాగింది. చిటుక్కుమంది.

అంజని చటుక్కున వదిలేసి వెనక్కి తగ్గింది. ఊరికి వచ్చినప్పటినుంచి ఆమెకి అదే అలవాటైపోయింది. వకుళ మాత్రం కదల్లేదు. చెయ్యి ఎక్కడుందో అక్కడే ఉంది.

"తగల్లేదా?"

"చప్పుడు విన్నాను."

"నొప్పి?"

వకుళ తల అడ్డంగా ఊపింది.

అంజని చూపుడువేలు చాచి అక్క అరచేతిని ముట్టుకుంది. చిటుక్కుమంది. వకుళ ముఖం వైపే చూస్తూ ఇంకోసారి ముట్టుకుంది. ఆ ముఖంలో రెప్ప కూడా వణకలేదు. అప్పుడు ఆ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుంది. కొత్త చర్మం గులాబీరంగులో నున్నగా ఉంది. గీతలు ఇంకా సరిగ్గా రాలేదు. అంజని తల దించుకుని, బొటనవేలితో ఆ చేతిని నిమురుతూ కూర్చుంది.

"అతుకులు వేసుకోమని నేను చెప్పి ఉండాల్సింది కాదే," అంది వకుళ.

"నోరు ముయ్యవే," అంది అంజని.

వంటింట్లోంచి వీరవేణి కేకేసింది. "ఏమర్రా, అన్నాలకి వస్తారా, అక్కడే కొట్టుకుంటారా?"

"వస్తున్నామే!" అని అరిచి, అంజని మళ్ళీ గొంతు తగ్గించింది. "రేపు వాళ్ళకి ఫోన్ చేస్తాను. వేరే మనిషిని చూసుకోమని."

"మరి రేకు? తీయిద్దామా?"

"వద్దు. ఇంట్లో ఒక్కదానికైనా అంచు తెలియాలి కదా." ముక్కు ఎగబీల్చి, కొంచెం నవ్వింది. "పొడి చల్లే పని నువ్వు చెయ్యి. మొద్దు చెయ్యి చాలు దానికి."

వకుళకి ఆ పట్టు తెలియడం లేదు. వెచ్చగా ఉందో చల్లగా ఉందో, గట్టిగా పట్టుకుందో వదులుగా పట్టుకుందో తెలియడం లేదు. అందుకని కళ్ళతో చూస్తోంది. చెల్లెలి వేళ్ళ కణుపులు తెల్లబడేలా బిగుసుకుని ఉన్నాయి. అమ్మ రెండోసారి కేకేసినా వదల్లేదు.